ఇంధన పంపు మార్చిన తరువాత స్టార్టు కాని ట్రాక్టరు: లోపాన్వేషణ క్రమం

సారాంశం

కొత్త ఇంధన పంపు బిగించిన తరువాత కూడా ట్రాక్టరు ఇంజను స్టార్టు కాకపోవడం గ్రామీణ వర్కుషాపులలో తరచుగా ఎదురయ్యే సమస్య. ఇటువంటప్పుడు కొత్త పంపునే అనుమానించి మళ్లీ విప్పడం, అక్కడి నుండి నాజిళ్లకు, ఎఫ్.ఐ. పంపుకు చేయి వేయడం పరిపాటి. అయితే మరమ్మతు ముగిసిన వెంటనే ఇంజను మొండికేస్తే ఆ మరమ్మతులో కదిలిన భాగాలనే మొదట పరీక్షించడం హేతుబద్ధం. వాటిలోనూ గొట్టాలలో చేరిన గాలి ప్రథమ కారణం. డీజిల్ మార్గం పనిచేసే తీరు, లక్షణాలను బట్టి లోపం ఉన్న చోటును గుర్తించడం, ట్యాంకు నుండి నాజిల్ వరకు వరుసగా చేయవలసిన పరీక్షలు, పాటించవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ముఖ్య పదాలు: ట్రాక్టరు, ఫీడ్ పంపు, ఎఫ్.ఐ. పంపు, గాలి తీయడం, లోపాన్వేషణ

ఉపోద్ఘాతం

తొలకరి వాన తరువాత ఎర్ర నేలలో విత్తే పదును కొద్ది రోజులే నిలుస్తుంది. ఆ రోజులలో ట్రాక్టరు నిలిచిపోతే నష్టం యజమానితో ఆగదు. ఒక ట్రాక్టరును నమ్ముకొని వరుసలో ఉన్న చిన్న రైతులందరి విత్తనమూ వెనుకబడుతుంది. వరి ప్రాంతాలలో దమ్ము పనుల సమయంలోనూ ఇదే పరిస్థితి.

ఫీడ్ పంపు మార్చడం సాధారణ మెకానిక్ కొద్ది సేపట్లో చేయగల పని. ఆ తరువాత ఇంజను స్టార్టు కానప్పుడు వేసే రెండవ అడుగే కీలకం. గాలి తీయడానికి పట్టే సమయం నిమిషాలలో ఉంటుంది. అదే ఎఫ్.ఐ. పంపును విప్పి పట్టణంలోని కాలిబ్రేషన్ కేంద్రానికి పంపితే రోజులు పడుతుంది. లోపం లేని పంపు కాలిబ్రేషన్ నుండి తిరిగి వచ్చినా, తప్పు మొదట ఉన్న చోటనే ఉంటుంది కనుక ఇంజను అప్పటికీ స్టార్టు కాదు. పైగా పంపును తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ తప్పితే అంతకు ముందు లేని కొత్త లోపం చేరుతుంది. కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ సమస్యను విడిభాగాల కోణంలో కాక, డీజిల్ ప్రయాణించే మార్గం కోణంలో అర్థం చేసుకోవడం అవసరం.

ఇంధన మార్గం: రెండు పీడనాలు, రెండు పంపులు

"ఇంధన పంపు" అనే మాటతోనే మొదటి అయోమయం ఏర్పడుతుంది. సాధారణ డీజిల్ ట్రాక్టరులో రెండు పంపులు ఉంటాయి. ట్యాంకు నుండి డీజిల్‌ను తెచ్చి ఫిల్టర్ల గుండా ముందుకు పంపేది ఫీడ్ పంపు. ఇది కలిగించే పీడనం స్వల్పం. సుమారు ట్రాక్టరు వెనుక టైరులోని గాలి పీడనంతో పోల్చదగినది. ఆ డీజిల్‌ను అందుకొని, కొలిచి, సరైన క్షణంలో అధిక పీడనంతో నాజిల్‌కు పంపేది ఎఫ్.ఐ. పంపు. యాంత్రిక నాజిల్ తెరుచుకోవడానికి ఇంజను నమూనాను బట్టి సుమారు 170 నుండి 250 బార్ పీడనం కావాలి.

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టను తీవ్రంగా సంపీడనం చేసినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. అందువలన ఇంజను స్టార్టు కావడానికి మూడు అంశాలు కలవాలి: తగినంత వేగంతో తిరిగే క్రాంకు, సిలిండరులో నిలిచే సంపీడనం, సరైన సమయంలో సన్నని తుంపరగా చేరే డీజిల్. పంపు మార్పిడి నేరుగా ప్రభావితం చేసేది మూడవ అంశాన్ని మాత్రమే. పంపు మార్చే ముందు ఇంజను బలంగా నడిచి ఉంటే, మరమ్మతు ముగిసిన మరుక్షణమే సంపీడనం పోయిందని భావించడానికి ఆధారం ఉండదు.

గాలి ఎందుకు అడ్డుపడుతుంది

ఫీడ్ పంపు విప్పినప్పుడు గొట్టాలలోని డీజిల్ కారిపోయి ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. దీనినే మెకానిక్కులు "ఎయిర్ పట్టింది" అంటారు. గాలికి, ద్రవానికి ఉన్న భేదమే ఈ సమస్యకు మూలం. డీజిల్‌ను నొక్కితే దాని పరిమాణం దాదాపు తగ్గదు. ఆ ఒత్తిడి అట్లే నాజిల్‌కు చేరుతుంది. గాలిని నొక్కితే అది కుంచించుకుపోతుంది. వదిలితే మళ్లీ వ్యాకోచిస్తుంది.

ఒక లెక్కతో ఈ విషయం స్పష్టమవుతుంది. మూడు సిలిండర్లు గల 45 హార్స్‌పవర్ ఇంజను పూర్తి భారం వద్ద గంటకు సుమారు 10 లీటర్ల డీజిల్ వాడుతుందని, నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుందని అనుకుంటే, గంటకు 1,80,000 పిచికారీలు జరుగుతాయి. అంటే ఒక్కొక్క పిచికారీలో వెళ్లేది సుమారు 55 ఘన మిల్లీమీటర్ల డీజిల్. ఇది దాదాపు ఒక నీటి బొట్టు పరిమాణం. ఎఫ్.ఐ. పంపు ప్రతి ఘాతంలోనూ నెట్టేది ఇంత స్వల్ప పరిమాణమే కనుక, దాని గదిలోనో నాజిల్ గొట్టంలోనో బొట్టంత గాలి బుడగ ఉన్నా ఆ ఘాతమంతా బుడగను నొక్కడానికే సరిపోతుంది. నాజిల్ తెరుచుకునే పీడనం ఏర్పడదు. పంపు తిరుగుతూనే ఉంటుంది, సిలిండరులోకి మాత్రం డీజిల్ చేరదు.

గాలి చొరబడే చోటును గుర్తించడానికి మరొక సూత్రం తోడ్పడుతుంది. ఫీడ్ పంపుకు తరువాతి భాగంలో డీజిల్ పీడనం వాతావరణ పీడనం కంటే ఎక్కువ. అక్కడ జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారి కంటికి కనిపిస్తుంది. ఫీడ్ పంపుకు ముందున్నది పీల్చే భాగం. ట్యాంకు జాలి మూసుకుపోయినా, డీజిల్ మట్టం పంపు కంటే కింద ఉన్నా, అక్కడి పీడనం వాతావరణ పీడనం కంటే తగ్గుతుంది. అప్పుడు వదులైన జాయింటు డీజిల్‌ను కార్చదు. గాలిని లోపలికి పీలుస్తుంది. బయట ఒక్క చుక్క కూడా కనిపించదు. "ఎక్కడా లీకు లేదు" అనే మాట ఈ భాగం విషయంలో నమ్మదగినది కాకపోవడానికి కారణం ఇదే.

పానా పట్టే ముందు గమనించవలసినవి

లోపాన్వేషణ చూపుతో, వినికిడితో మొదలు కావాలి. ఏ భాగాన్నీ విప్పకముందే మూడు ప్రశ్నలకు సమాధానం దొరకాలి.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను తిరుగుతున్నదా? అసలు తిరగకపోతే లోపం ఇంధన మార్గంలో లేదు. మరమ్మతు కోసం విప్పిన బ్యాటరీ తీగలు సరిగా బిగించారా, గేరు న్యూట్రల్‌లో ఉన్నదా, క్లచ్చి లేదా పి.టి.ఓ. వద్ద ఉండే సేఫ్టీ స్విచ్చి నొక్కబడుతున్నదా అని చూడాలి. బద్ధకంగా తిరిగితే బ్యాటరీని పరీక్షించాలి. పూర్తిగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతి స్థితిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతే బ్యాటరీనో తీగల జాయింట్లనో అనుమానించాలి. పంపు మార్చిన తరువాత పదే పదే సెల్ఫ్ కొట్టడం వలన మంచి బ్యాటరీ కూడా నీరసిస్తుంది. అప్పుడు అసలు లోపం సరిచేసినా ఇంజను స్టార్టు కాదు.

రెండవ ప్రశ్న: సైలెన్సరు నుండి పొగ వస్తున్నదా? వస్తే ఏ రంగులో వస్తున్నది? చల్లని ఇంజను తిరుగుతున్నంత సేపూ పొగ జాడ లేకపోతే సిలిండరులోకి డీజిల్ చేరడం లేదని అర్థం. తెల్లని పొగ వస్తే డీజిల్ చేరుతున్నది కాని మండడం లేదు.

మూడవ ప్రశ్న: అసలు స్టార్టు కావడం లేదా, లేక స్టార్టయి కొద్ది సేపటికి ఆగిపోతున్నదా? ఈ రెండింటికీ కారణాలు వేరు.

పట్టిక 1. లక్షణాన్ని బట్టి పరీక్షించవలసిన భాగం

ఇంజను తిరగదు: బ్యాటరీ, తీగలు, సేఫ్టీ స్విచ్చి, సెల్ఫ్ మోటారు.

వేగంగా తిరుగుతుంది, పొగ లేదు: ట్యాంకు కుళాయి, ఫీడ్ పంపు, గొట్టాలలో గాలి, ఇంజను ఆపే తీగ లేదా సోలినాయిడ్.

తిరుగుతుంది, తెల్లని పొగ వస్తుంది: ఎఫ్.ఐ. పంపు టైమింగ్, చాలని క్రాంకింగ్ వేగం, డీజిల్‌లో నీరు, తక్కువ సంపీడనం.

స్టార్టయి ఒకటి రెండు నిమిషాలలో ఆగుతుంది: ట్యాంకు మూతలోని గాలి రంధ్రం, ట్యాంకు జాలి, పీల్చే భాగంలో గాలి చొరబాటు.

తడబడుతూ, వేగం హెచ్చుతగ్గులతో నడుస్తుంది: గాలి పూర్తిగా తీయకపోవడం, నాజిల్ గొట్టపు నట్టు వదులుగా ఉండడం.

ట్యాంకు నుండి నాజిల్ వరకు: పరీక్షా క్రమం

పరీక్షలన్నీ డీజిల్ ప్రవహించే దిశలోనే సాగాలి. ఒక మెట్టు సరిగా ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతే తదుపరి మెట్టుకు వెళ్లాలి. ఒకేసారి రెండు భాగాలను మార్చరాదు. మార్చితే ఇంజను స్టార్టయినా దేని వలన సరి అయిందో తెలియదు.

1. ట్యాంకు. డీజిల్ ఉన్నదా, మరమ్మతు కోసం మూసిన కుళాయిని తిరిగి తెరిచారా అని మొదట చూడాలి. ఇది చిన్న విషయంగా తోచినా తరచుగా మరుపున పడేది ఇదే. తరువాత ట్యాంకు మూతను వదులు చేసి చూడాలి. మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే ట్యాంకులో పీడనం తగ్గి డీజిల్ రావడం మానుతుంది. మూత తీసినప్పుడు గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వినిపిస్తే కారణం దొరికినట్లే.

2. పంపుకు చేరే ప్రవాహం. ట్యాంకు పంపు కంటే ఎత్తులో ఉన్న ట్రాక్టర్లలో పంపు ముఖం వద్ద గొట్టం ఊడదీస్తే డీజిల్ ఆగకుండా ధారగా రావాలి. బొట్లు బొట్లుగా వస్తే ట్యాంకు జాలి, కుళాయి, గొట్టంలోని మడత పరీక్షించాలి.

3. ఫీడ్ పంపు నుండి వెలువడే ప్రవాహం. పంపు నుండి ఫిల్టరుకు వెళ్లే గొట్టాన్ని విప్పి, చిన్న గిన్నె పట్టి, ఇంజనును సెల్ఫ్‌తో తిప్పాలి. కామ్ షాఫ్టు వేగం క్రాంకు వేగంలో సగం కనుక, క్రాంకు రెండు చుట్లకు ఒకసారి చొప్పున డీజిల్ బలంగా చిమ్మాలి. ఇలా చిమ్మితే కొత్త పంపు నిర్దోషి. దానిని మళ్లీ విప్పవలసిన పని లేదు. నురుగుతో కలిసి వస్తే పీల్చే భాగంలో గాలి చొరబడుతున్నది.

4. విడి డబ్బా పరీక్ష. పీల్చే భాగంపై సందేహం ఉంటే శుభ్రమైన డీజిల్ నింపిన చిన్న డబ్బాను పంపు కంటే ఎత్తులో కట్టి, దాని నుండి పారదర్శక గొట్టం ద్వారా నేరుగా పంపుకు డీజిల్ అందించాలి. గాలి తీసిన తరువాత ఇంజను స్టార్టయి నిలకడగా నడిస్తే లోపం ట్యాంకుకు, పంపుకు మధ్యనే ఉన్నది. అప్పటికీ నడవకపోతే లోపం పంపు వద్ద గాని, దాని తరువాత గాని ఉన్నది. అనుమానించవలసిన మార్గాన్ని రెండుగా విభజించే ఈ పరీక్షకు ఖర్చు దాదాపు లేదు.

5. ఫిల్టరు వద్ద గాలి తీయడం. ఫిల్టరు పైనున్న బ్లీడింగ్ స్క్రూను వదులు చేసి, ఫీడ్ పంపుకు ఉన్న చేతి మీటను ఆడించాలి. మొదట నురుగు, తరువాత బుడగలు, చివరకు స్వచ్ఛమైన డీజిల్ వస్తుంది. మీటను ఆడిస్తూ డీజిల్ వస్తుండగానే స్క్రూను బిగించాలి; ప్రవాహం ఆగిన తరువాత బిగిస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. రెండు ఫిల్టర్లు ఉంటే ముందుగా ట్యాంకు వైపు ఫిల్టరు, తరువాత రెండవది.

6. ఎఫ్.ఐ. పంపు వద్ద గాలి తీయడం. పంపుపై ఉన్న బ్లీడింగ్ స్క్రూ వద్ద ఇదే పని చేయాలి. రోటరీ పంపులలో ఇటువంటి స్క్రూలు రెండు ఉండవచ్చు. వాటి వరుస ఆ ఇంజను పుస్తకంలో చూపిన ప్రకారం పాటించాలి. రోటరీ పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన. కాబట్టి గాలి తీయకుండా గంటల తరబడి సెల్ఫ్ కొట్టడం పంపుకు హాని చేస్తుంది.

7. నాజిళ్ల వద్ద గాలి తీయడం. ఇంజను ఆపే మీటను నడిచే స్థానంలో ఉంచి, యాక్సిలరేటరును పూర్తిగా లాగి, నాజిళ్ల వద్ద రెండు గొట్టాల నట్లను ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులు చేయాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు అక్కడ బుడగలు లేని డీజిల్ తెరలు తెరలుగా ఉబికితే నట్లు బిగించాలి. సాధారణంగా ఈ దశలో ఇంజను స్టార్టవుతుంది.

8. ఆపే తీగ, సోలినాయిడ్. ఎఫ్.ఐ. పంపు వరకు డీజిల్ చక్కగా వచ్చి, నాజిళ్ల వద్ద మాత్రం చుక్క రాకపోతే పంపు "ఆపు" స్థితిలో ఉన్నదేమో చూడాలి. తీగ ఇరుక్కుపోతే నాబ్ లోపలికి నెట్టినా పంపు మీద ఉన్న మీట వెనక్కి రాదు. మీటనే కంటితో చూడాలి. సోలినాయిడ్ గల పంపులలో కీ తిప్పినప్పుడు "టక్" మనే శబ్దం వినిపించాలి. తీగ కొన వద్ద సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా బ్యాటరీ విద్యుత్తు అందుతుండాలి.

ఫీడ్ పంపు బిగింపులో జరిగే పొరపాట్లు

మూడవ పరీక్షలో డీజిల్ చిమ్మకపోతే కొత్త పంపు చెడినదని నిర్ణయించే ముందు దాని బిగింపును పరిశీలించాలి. పంపు లోపల ఒకే దిశలో తెరుచుకునే రెండు వాల్వులు ఉంటాయి. పీల్చే గొట్టం, పంపే గొట్టం తారుమారైతే పంపు ఎంత ఆడినా డీజిల్ కదలదు. పంపుపై బాణం గుర్తు ఉంటే దాని ప్రకారం సరిచూడాలి.

డయాఫ్రమ్ రకం పంపులో ఇంజను కామ్‌పై ఆనే చేయి ఉంటుంది. బిగించేటప్పుడు అది కామ్‌కు సరైన వైపున కూర్చోకపోతే పంపు ఆడదు; బలవంతంగా బోల్టులు బిగిస్తే చేయి విరుగుతుంది. పంపు కింద వేసే ప్యాకింగ్ మందం మారినా చేయి కదిలే దూరం తగ్గి ప్రవాహం బలహీనపడుతుంది. చేతి మీట వదులుగా ఆడుతూ డీజిల్‌ను నెట్టకపోవడం మరొక సందర్భం. కామ్ ఎత్తు భాగం పంపు చేతిని అప్పటికే నెట్టి ఉంచడం దీనికి కారణం కావచ్చు. క్రాంకును ఒక చుట్టు తిప్పితే మీట పని చేస్తుంది. ఈ విషయం తెలియక మంచి పంపును దుకాణానికి తిరిగి పంపే అవకాశం ఉన్నది.

బాంజో బోల్టుకు ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున రెండు రాగి వాషర్లు ఉండాలి. ఒకసారి నలిగిన పాత వాషరును తిరిగి వాడితే సూక్ష్మమైన సందు మిగులుతుంది. గాలి చొరబడడానికి అది చాలు. వాషరు బదులు మరల చుట్టూ టేపు చుట్టడం సరి కాదు. టేపు పీలికలు ఫిల్టరుకు ముందు వాల్వులలో, తరువాత ఎఫ్.ఐ. పంపులో ఇరుక్కుంటాయి. మెత్తబడిన లేదా పగిలిన రబ్బరు గొట్టాన్ని క్లిప్పు ఎంత బిగించినా గాలి ఆగదు, గొట్టాన్నే మార్చాలి.

మరొక ముఖ్య విషయం తరచుగా విస్మరింపబడుతున్నది. పాత పంపు డయాఫ్రమ్ చిరిగినందున మార్చి ఉంటే, అప్పటికే కొంత డీజిల్ ఇంజను ఆయిల్‌లో కలిసి ఉండవచ్చు. స్టార్టు చేయడానికి ముందే డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ మట్టం పెరిగి, పలుచనై, డీజిల్ వాసన వస్తే ఆయిల్‌ను, ఆయిల్ ఫిల్టరును మార్చాలి. పలుచబడిన ఆయిల్‌తో ఇంజను నడిపితే బేరింగులు దెబ్బతింటాయి. అప్పుడు పంపు ధరతో ముగియవలసిన ఖర్చు ఇంజను ఓవర్‌హాల్ వరకు వెళ్తుంది.

ఎఫ్.ఐ. పంపు మార్చిన సందర్భం

మార్చినది ఎఫ్.ఐ. పంపు అయితే గాలితో పాటు టైమింగ్‌ను కూడా పరీక్షించాలి. నాలుగు ఘాతాల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి పంపు ఒక చుట్టు తిరుగుతుంది. ఒకటవ సిలిండరు పిస్టను ఈ రెండు చుట్లలో రెండు సార్లు పైకి చేరుతుంది: ఒకసారి సంపీడన ఘాతం చివర, మరొకసారి పొగ వెలువడే ఘాతం చివర. రెండవ స్థితిని మొదటిదిగా పొరబడి పంపును జతచేస్తే పిచికారీ ఒక పూర్తి చుట్టు తేడాతో జరుగుతుంది. డీజిల్ నాజిల్ వరకు చక్కగా చేరుతుంది, తెల్లని పొగ కూడా రావచ్చు, ఇంజను మాత్రం మండదు. గేరులో ఒక్క పన్ను తప్పినా పిచికారీ సమయం కొన్ని డిగ్రీలు మారి, స్టార్టు కావడం కష్టమవుతుంది లేదా ఇంజను గట్టిగా కొట్టుకుంటుంది.

అందువలన పాత పంపును విప్పకముందే ఫ్లాంజిపై, గేర్లపై ఉన్న గుర్తులను శుభ్రపరిచి చూడాలి. గుర్తులు లేకపోతే గీత గీయాలి. మొబైల్ ఫోనుతో ఫొటో తీసి ఉంచాలి. నాజిల్ గొట్టాలు ఏ సిలిండరుకు ఏది అన్నది కూడా ఇదే విధంగా నమోదు చేయాలి. ఇన్‌లైన్ పంపులలో కొన్నింటికి కామ్ గదిలో విడిగా ఆయిల్ పోయవలసి ఉంటుంది. టైమింగ్‌ను డిగ్రీలలో సరిచేయడం శిక్షణ పొందిన మెకానిక్ పని. అంచనాతో పంపును అటూ ఇటూ తిప్పి ప్రయత్నించరాదు.

కామన్ రైల్ ట్రాక్టర్లు, పెట్రోలు కార్లు

50 హార్స్‌పవర్‌కు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వాటితో పాటు ఎలక్ట్రానిక్ నియంత్రణ గల కామన్ రైల్ ఇంజన్లు పొలాలలోకి వచ్చాయి. వీటి రైలులో పీడనం వెయ్యి బార్‌కు మించుతుంది. కాబట్టి నాజిల్ నట్టు వదులు చేసి గాలి తీసే పద్ధతిని వీటిపై ఎట్టి పరిస్థితిలోనూ ప్రయోగించరాదు. తక్కువ పీడన భాగంలో, ఫిల్టరు వరకు మాత్రమే చేతి పంపుతో గాలి తీసి, మిగిలినది లోపాల కోడ్‌లను చదివే పరికరం ఉన్న సర్వీసు కేంద్రానికి వదలాలి.

పెట్రోలు కారులో పంపు ట్యాంకులోనే ఉండి విద్యుత్తుతో నడుస్తుంది. మార్గాన్ని అనుసరించి పరీక్షించాలనే సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. అయితే ఇక్కడ అనుసరించవలసిన మార్గాలు రెండు: విద్యుత్తు మార్గం, ఇంధన మార్గం. కీ ఆన్ చేసినప్పుడు ట్యాంకు వైపు రెండు మూడు సెకండ్ల పాటు సన్నని మోత వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు కనెక్టరు, ఎర్త్ తీగ వరుసగా చూడాలి. పంపు మార్చేటప్పుడు ఊడదీసిన కనెక్టరు పూర్తిగా కూర్చోకపోవడం సాధారణం. మోత ఉండి ఇంజను స్టార్టు కాకపోతే పీడనం కొలవాలి. ఇన్‌టేక్ పోర్టులో పిచికారీ చేసే ఇంజన్లలో అది సాధారణంగా 3 నుండి 4 బార్ ఉంటుంది. పీడనం లేకపోతే ట్యాంకు లోపల పంపుకు, పై మూతకు మధ్యనున్న గొట్టం లేదా రబ్బరు రింగు జారి, పెట్రోలు తిరిగి ట్యాంకులోకే పడుతుండవచ్చు. పెట్రోలు ఇంజనుకు డీజిల్ వలె విడిగా గాలి తీయవలసిన పని సాధారణంగా ఉండదు. కీని మూడు నాలుగు సార్లు ఆన్ చేసి ఆపితే మార్గం నిండుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

సెల్ఫ్‌ను ఒక్కసారికి 10 సెకండ్లకు మించి కొట్టరాదు. మళ్లీ కొట్టే ముందు కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి. విరామం లేకపోతే సెల్ఫ్ మోటారు చుట్లు కాలిపోతాయి. పరీక్షలకు ముందు గేరును న్యూట్రల్‌లో ఉంచి, పి.టి.ఓ. విడదీసి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. లేకపోతే చివరి పరీక్షలో ఇంజను హఠాత్తుగా స్టార్టయి ట్రాక్టరు కదలవచ్చు.

నాజిల్ నుండి వెలువడే డీజిల్ తుంపర చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. దాని ఎదుట చేయి పెట్టి పరీక్షించరాదు. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా, లోపల కణజాలం దెబ్బతిని వేలు లేదా చేయి కోల్పోయే ప్రమాదం ఉన్నది. అటువంటి వ్యక్తిని నొప్పి లేకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, అధిక పీడన డీజిల్ లోపలికి పోయిందని వైద్యునికి చెప్పాలి.

ఇంజను స్టార్టు కావడం లేదని గాలి మార్గంలో పెట్రోలు పోయడం, ఈథర్ చల్లడం ప్రమాదకరం. ఇన్‌టేక్‌లో వేడి తీగ గల ఇంజన్లలో అది పేలుడుకు దారితీస్తుంది. పెట్రోలు ట్యాంకు తెరిచి పని చేసేటప్పుడు బ్యాటరీ తీగ విడదీయాలి. దరిదాపుల్లో నిప్పు, బీడీ ఉండరాదు.

విస్తరణ కార్యక్రమాలలో చేర్చదగిన అంశాలు

ట్రాక్టరు యజమానులకు, డ్రైవర్లకు నిర్వహించే శిక్షణలో గాలి తీయడాన్ని ప్రతి ఒక్కరి చేత స్వయంగా చేయించాలి. పీల్చే గొట్టం స్థానంలో పారదర్శక గొట్టాన్ని అమర్చి, ఒక క్లిప్పును కావాలని వదులు చేస్తే, బయట చుక్క కారకుండానే లోపల బుడగలు పరుగెత్తడం కళ్లకు కడుతుంది. గంట ఉపన్యాసం కంటే ఈ ప్రదర్శన ప్రభావవంతం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల యంత్రాల నిర్వహణపై శిక్షణ లభిస్తున్నది. గ్రామాలలోని యంత్ర అద్దె కేంద్రాల నిర్వాహకులను అటువంటి శిక్షణకు పంపడం ప్రయోజనకరం.

ప్రతి అద్దె కేంద్రంలో పదునుకు ముందే కొన్ని వస్తువులు సిద్ధంగా ఉండాలి: సరిపడే పరిమాణాల పానాలు, కొత్త రాగి వాషర్లు, ఒక జత ఫిల్టర్లు, మూరెడు పారదర్శక గొట్టం, మూత గల శుభ్రమైన డబ్బా, వోల్టు మీటరు. వీటికి తోడు ట్రాక్టరు వారీగా ఒక నోటు పుస్తకం ఉంచి, ఏ రోజు ఏ భాగం విప్పారో, ఏ గొట్టం ఊడదీశారో రాయాలి. పని మధ్యలో మెకానిక్ మారినప్పుడు లోపాన్వేషణ ఆ పుస్తకం చివరి పుటతోనే మొదలవుతుంది.

ముగింపు

పంపు మార్చిన వెంటనే ఇంజను స్టార్టు కాకపోతే సమాధానం ఎక్కువగా చేతులు చివరిగా తాకిన చోటనే దొరుకుతుంది. అక్కడ మొదట వెదకవలసినది గాలి, తరువాత గొట్టాల దిశ, వాషర్లు, ఆపే తీగ, ఎఫ్.ఐ. పంపు మార్చి ఉంటే టైమింగ్. ట్యాంకు నుండి నాజిల్ వరకు ఒక్కొక్క మెట్టును రుజువు చేసుకుంటూ సాగే మెకానిక్‌కు కొత్త విడిభాగం కొనవలసిన అవసరం అరుదుగా కలుగుతుంది. పదును దాటకముందే గొర్రు నేలలో దిగుతుంది.